సేవ చేయాలనుంది, ఎక్కడ మొదలుపెట్టాలి? అనంతపురం నుంచి విదేశాల దాకా

ఆగస్టు 15న, జనవరి 1న, ఎవరిదో ఒకరి పుట్టినరోజున మా అనంతపురంలో పిల్లల హాస్టల్‌కు పోయి చూడండి. బిర్యానీ పెట్టేవాళ్లకు కొదవ ఉండదు. మంగళవారం సాయంత్రం తొమ్మిదో తరగతి పిల్లకు బీజగణితం చెప్పడానికి మాత్రం మనిషి దొరకడు. సేవ చేయాలనుకునేవాళ్లు మొట్టమొదట అడగాల్సింది ఇదే: మనిషి లేక ఇక్కడ ఆగిపోయిన పని ఏది? పక్క వీధిలోని బడికైనా, జర్మనీలోని వృద్ధాశ్రమానికైనా ఇదే ప్రశ్న. జవాబు సరిగ్గా చెప్పలేని చోట మీ అవసరం లేదనుకోవచ్చు.

మొదట మీ టైము, మీ చేతిలో ఉన్న పని

సంస్థల కోసం వెతకకముందే ఒక కాగితం మీద రెండు విషయాలు రాసుకోండి. వారంలో ఏ రోజు, ఏ గంట నుంచి ఏ గంట దాకా కచ్చితంగా రాగలరు? "ఖాళీ దొరికినప్పుడల్లా వస్తాను" అనేవాళ్లతో ఏ సంస్థకూ పని జరగదు. శనివారం సాయంత్రం రెండే గంటలైనా సరే, ఆరు నెలలు మానకుండా వచ్చే మనిషికి ఎక్కడైనా విలువ ఉంటుంది.

రెండోది, మీకేం వచ్చు? చాలామంది "నాకేం రాదు సార్" అంటారు. ట్యాలీలో లెక్కలు రాయడం వచ్చా? తెలుగు టైపింగ్ వచ్చా? టూవీలర్ లైసెన్సు ఉందా? కరెంటు పని, ప్లంబింగ్ తెలుసా? కన్నడం మాట్లాడతారా? మన జిల్లాల్లో కన్నడం మామూలు విషయమే కాబట్టి దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. కర్నూలు పెద్దాసుపత్రికి రాయచూరు, బళ్లారి వైపు నుంచి కూడా రోగులు వస్తారు. ఉగాదికి ముందు కర్ణాటక భక్తులు వేలల్లో నల్లమల గుండా శ్రీశైలానికి నడిచి వస్తారు. అక్కడ మజ్జిగ పోసే చేతులు చాలానే ఉంటాయి. కాళ్లు బొబ్బలెక్కిన ముసలాయన ఏమంటున్నాడో అర్థం చేసుకుని మందుల క్యాంపు దాకా తీసుకుపోయే మనిషే తక్కువ.

ఊళ్లో ఎక్కడ అడగాలి

కాలేజీలో చదువుతుంటే ముందు మీ ఎన్ఎస్ఎస్ (జాతీయ సేవా పథకం) ప్రోగ్రాం ఆఫీసర్ దగ్గరికి పోండి. 1969లో మొదలైన ఈ పథకంలో రెండేళ్లలో 240 గంటల సేవ, ఏడు రోజుల ప్రత్యేక శిబిరం పూర్తి చేస్తే సర్టిఫికెట్ ఇస్తారు. కొన్ని కాలేజీల్లో ఇది గడ్డి పీకి ఫొటో దిగడంతోనే సరిపోతుంది, నిజమే. కానీ శిబిరానికి ఎంచుకున్న ఊళ్లో ఏం చేయాలో మీరే ఒక ప్రతిపాదన రాసుకుపోతే కాదనే ఆఫీసర్లు తక్కువ. కాలేజీ దాటినవాళ్లకు, 15 నుంచి 29 ఏళ్ల లోపు వాళ్లకు, కేంద్ర ప్రభుత్వం 2023 అక్టోబర్ 31న ప్రారంభించిన 'మై భారత్' పోర్టల్ ఉంది. ఉచితంగా పేరు నమోదు చేసుకుని జిల్లాల వారీగా అవకాశాలు చూడొచ్చు. అందులో ర్యాలీలు, ప్రతిజ్ఞలు ఎక్కువ, వాటిని పక్కనపెట్టి ఆసుపత్రి, పోస్టాఫీసు, ట్రాఫిక్ లాంటి చోట్ల నేర్చుకుంటూ చేసే పనులు వెతకండి.

రెడ్‌క్రాస్ శాఖ ప్రతి జిల్లాలో ఉంటుంది, దానికి అధ్యక్షుడు కలెక్టరే. రక్తదానానికి 18 నుంచి 65 ఏళ్ల వయసు, కనీసం 45 కిలోల బరువు ఉండాలి. మగవాళ్లు మూడు నెలలకోసారి, ఆడవాళ్లు నాలుగు నెలలకోసారి ఇవ్వొచ్చు. దాతల జాబితాను తాజాగా ఉంచడం, గడువు దాటినవాళ్లకు ఫోన్ చేసి గుర్తుచేయడం ఇంట్లో కూర్చునే చేసే పని. దీనికి ఎవరూ ముందుకు రారు, ఎందుకంటే ఇందులో ఫొటో ఉండదు.

పెద్దాసుపత్రుల్లో నేరుగా వార్డులోకి పోయి సాయం చేస్తామంటే ఒప్పుకోరు. సూపరింటెండెంట్‌కో ఆర్‌ఎంఓ (రెసిడెంట్ మెడికల్ ఆఫీసర్)కో దరఖాస్తు ఇవ్వాలి, ఒంటరిగా కాకుండా ఏదైనా సంస్థ తరఫున వెళితే పని తొందరగా అవుతుంది. అక్కడ అవసరం ఏమిటో ఉదయం తొమ్మిదింటికి ఓపీ దగ్గర పది నిమిషాలు నిలబడితే తెలిసిపోతుంది. చీటీ ఎక్కడ, రక్త పరీక్ష ఎక్కడ, స్కానింగ్‌కు ఆధార్ కావాలా, రేషన్ కార్డు కావాలా తెలియక ఒకే కాగితం పట్టుకుని నాలుగు కౌంటర్లు తిరిగేవాళ్లు ఎందరో! చదవడం వచ్చిన మనిషి ఒకరు పక్కన నడిస్తే వాళ్లకు ఒక పూట కూలి మిగులుతుంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైన పని చూపు లేని విద్యార్థులకు పరీక్ష రాసిపెట్టడం. దీనికి టైము తక్కువ పడుతుంది, బాధ్యత మాత్రం ఎక్కువ. అంధుల పాఠశాలలను, కాలేజీల పరీక్షల విభాగాన్ని పరీక్షలకు నెల ముందే కలిసి పేరు ఇవ్వాలి. రాసేవాళ్ల చదువు అభ్యర్థి చదువు కంటే తక్కువ ఉండాలనే నియమం చాలా పరీక్షల్లో ఉంది, కాబట్టి పదో తరగతి పరీక్షకు మీ ఎంటెక్ పనికిరాదు. మీ తమ్ముడో చెల్లెలో పనికొస్తారు. గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఇస్తారు, అంటే మూడు గంటల పరీక్షకు నాలుగు గంటలు కూర్చోవాలి. ప్రశ్నను తొందరపడకుండా రెండుసార్లు చదవాలి. చెప్పిందే రాయాలి, తప్పు చెబుతున్నాడని తెలిసినా మన తెలివి కలపకూడదు. ఎక్కడిదాకా రాశామో అడిగినప్పుడల్లా విసుక్కోకుండా చదివి వినిపించాలి. వాచీ చూసి ఇంకా ఎంత టైముందో మనమే చెబుతుండాలి. పరీక్ష రోజు "బండి పాడైంది" అంటే అవతల ఒకరి ఏడాది పోతుంది. అది గుర్తుపెట్టుకునే ఒప్పుకోండి.

సంస్థల విషయానికొస్తే అనంతపురం అదృష్టవంతురాలు. స్పెయిన్ నుంచి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో ఇక్కడ మొదలుపెట్టిన ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) గురించి చెప్పక్కర్లేదు. కరువు నేలలో రైతులతో పనిచేసే యాక్షన్ ఫ్రాటెర్నా, చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ కూడా దశాబ్దాలుగా ఉన్నాయి. ఇవి జీతాల సిబ్బందితో నడిచే పెద్ద సంస్థలు, ఆదివారం వచ్చి మొక్క నాటిపోయే వాలంటీర్లతో వాటికి పెద్దగా పని ఉండదు. డేటా, అనువాదం, వీడియో, లెక్కలు, నీటి కొలతలు లాంటివి చేయగలిగితే ఆ విషయం స్పష్టంగా రాసి అడగండి. 2022లో జిల్లాలు విడిపోయాక చెన్నేకొత్తపల్లి, బత్తలపల్లి శ్రీసత్యసాయి జిల్లాలోకి, ఆత్మకూరు, రోళ్లపాడు నంద్యాల జిల్లాలోకి వెళ్లాయి. అధికారి అనుమతి కావాల్సిన పనికి పాత జిల్లా ఆఫీసు చుట్టూ తిరగకండి.

భక్తితో కలిపి సేవ చేయాలనుకునేవాళ్లకు దారి ఇంకా సులువు. టీటీడీ శ్రీవారి సేవ 2000లో మొదలైంది, ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోవాలి, డబ్బు కట్టేది ఏమీ లేదు. "సేవకు సీటు ఇప్పిస్తా, ఇంత ఇవ్వండి" అని ఎవరైనా అంటే అది మోసమే. పుట్టపర్తిలో 1991లో మొదలైన ఉచిత సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రికి, ఆశ్రమానికి సేవాదళ్ ద్వారా వెళ్లాలి, మీ ఊరి సత్యసాయి సమితిని కలిస్తే వాళ్ల వంతు ఎప్పుడో చెబుతారు. శ్రీశైలంలో శివసేవకుల పేరుతో ఇలాంటి ఏర్పాటే ఉంది.

అడవి, పక్షులు అంటే ఇష్టమున్నవాళ్లు ఫిబ్రవరిలో నాలుగు రోజులు జరిగే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్‌తో మొదలుపెట్టొచ్చు. ఒక చోట 15 నిమిషాలు నిలబడి, చూసిన పక్షులను ఈబర్డ్ యాప్‌లో నమోదు చేస్తే చాలు. అంతరించిపోయిందనుకున్న కలివికోడి అనే పక్షి 1986లో కడప జిల్లా లంకమల దగ్గర మళ్లీ దొరికింది, దాన్ని గుర్తుపట్టడంలో తోడ్పడింది ఆ ప్రాంతంలో పక్షులు పట్టే మనిషే. కాకపోతే రక్షిత అడవిలోకి అటవీశాఖ అనుమతి లేకుండా పోవద్దు.

వరదలప్పుడు ఏం చేయాలి? 2009 అక్టోబర్ 2న తుంగభద్ర కర్నూలును ముంచినప్పుడు, 2021 నవంబర్‌లో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి పులపత్తూరు, మందపల్లి వైపు ఊళ్లు కొట్టుకుపోయినప్పుడు మన జనం ఊరుకోలేదు. కానీ మొదటి మూడు రోజులు అన్నం పొట్లాలు పోటెత్తుతాయి, పదో రోజుకు ఎవరూ ఉండరు. ఇళ్లలో బురద ఎత్తడం, పోయిన పాసుపుస్తకాలకు, సర్టిఫికెట్లకు దరఖాస్తులు రాయడం అప్పుడే మొదలవుతుంది. మీరు పదో రోజు పోండి. ముందే శిక్షణ కావాలంటే జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 'ఆపద మిత్ర' ఉంది, మీ జిల్లాలో బ్యాచ్ ఎప్పుడో కలెక్టరేట్‌లోని విపత్తుల విభాగంలో అడగండి.

అడిగే పద్ధతి

"సార్, మీ సంస్థలో వాలంటీర్‌గా చేరాలనుకుంటున్నాను, వివరాలు తెలుపగలరు" అనే మెసేజ్‌కు జవాబు రాదు. ఏం జవాబివ్వాలో వాళ్లకూ తెలియదు. ఇలా రాయండి:

"నమస్తే మేడమ్. నేను అనంతపురంలో బీకాం మూడో సంవత్సరం చదువుతున్నాను. ట్యాలీ, ఎక్సెల్ వచ్చు. ప్రతి శనివారం మధ్యాహ్నం 2 నుంచి 5 దాకా, వచ్చే మార్చి వరకు రాగలను. మీ హాస్టల్ స్టాకు రిజిస్టర్ కంప్యూటర్‌లో ఎక్కించాల్సి ఉందని విన్నాను. ఆ పని గానీ, మనిషి లేక ఆగిపోయిన మరో పని గానీ ఉంటే చెప్పండి. ఈ శనివారం ఒకసారి వచ్చి కలవమంటారా?"

వారం దాటినా జవాబు లేకపోతే ఫోన్ చేయండి, ఇంకా లేకపోతే మనిషే పోవాలి. మన ఊళ్లలో సగం పనులు ఎదురుగా నిలబడితేనే అవుతాయి. గేటు దగ్గర వాచ్‌మన్ "యాడి నుంచి వచ్చినావు నాయనా?" అని అడిగితే విసుక్కోకుండా చెప్పండి, లోపల ఎవరు ఎప్పుడు దొరుకుతారో అతనికే బాగా తెలుసు.

సంస్థ మంచిదేనా?

నీతి ఆయోగ్ నడిపే ఎన్జీఓ దర్పణ్ పోర్టల్‌లో సంస్థ పేరు వెతకండి. ఉన్నంత మాత్రాన మంచిదని కాదు, రిజిస్ట్రేషన్ నంబరు, ట్రస్టీల పేర్లు బయట పెట్టిందని మాత్రమే. వార్షిక నివేదిక, ఆడిట్ లెక్కలు అడగండి. అడిగితే ముఖం మాడ్చుకునే చోట ఆగకండి.

పిల్లలతో పనైతే ఇంకా జాగ్రత్త. మీ గుర్తింపు కార్డు, చిరునామా, పరిచయస్తుల ఫోన్ నంబర్లు ఏమీ అడగకుండా "రండి, పిల్లలతో గడపండి" అని తలుపు తీసే హాస్టల్ మంచిది కాదు. మీలాగే రేపు ఇంకెవరైనా లోపలికి వస్తారు కదా! పిల్లల సంరక్షణ కేంద్రాల్లోని పిల్లల గుర్తింపు బయటపడేలా ఫొటోలు, పేర్లు ప్రచురించడం 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం నేరం. వాట్సాప్ స్టేటస్‌కూ ఇది వర్తిస్తుందనే జాగ్రత్తలో ఉండండి.

ఇంట్లోంచే చేసేవి

ఊరు కదల్లేనివాళ్లకు, ముఖ్యంగా చిన్నపిల్లల తల్లులకు, రిటైరైన ఉపాధ్యాయులకు తెలుగు వికీసోర్స్ మంచి చోటు. పాత తెలుగు పుస్తకాల స్కాన్ కాపీలను యంత్రం చదివి అక్షరాలుగా మారుస్తుంది. ఎడమవైపు ఆ అక్షరాలు, కుడివైపు అసలు పేజీ బొమ్మ పెట్టుకుని సరిచూడాలి. యంత్రం 'వ'ను 'ప'గా, 'మ'ను 'వు'గా చదివేస్తుంది, అరసున్నలు మింగేస్తుంది, వత్తులు కింద పడేస్తుంది. ఒకరు దిద్దిన పేజీ పసుపు రంగులోకి, ఇంకొకరు సరిచూశాక ఆకుపచ్చలోకి మారుతుంది. రోజుకు ఒక్క పేజీ చేసినా మేలే. మన దేశంలో రచయిత చనిపోయాక 60 ఏళ్లకు గానీ కాపీరైట్ ముగియదు, కాబట్టి కొత్త పుస్తకాలు ఎక్కించకూడదు. 2003 డిసెంబర్‌లో మొదలైన తెలుగు వికీపీడియాలో మీ ఊరి పేజీ ఒకసారి తెరవండి. మన మండలాల గ్రామాల పేజీలు చాలావరకు జనాభా లెక్కలతోనే ఆగిపోయి ఉంటాయి.

ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లు ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల ఆన్‌లైన్ విభాగంలో ప్రొఫైల్ పెట్టుకోవచ్చు. 18 ఏళ్లు నిండాలి. ఒక పని గరిష్ఠంగా 12 వారాలు, వారానికి 20 గంటలు మించదు. అనువాదం, డిజైన్, పరిశోధన, వెబ్‌సైట్ పనులు ఉంటాయి. డబ్బు రాదు, కానీ విదేశాలకు అప్లై చేసేటప్పుడు చూపించుకోవడానికి ఇది బాగా పనికొస్తుంది.

మన దేశంలోనే, ఊరు దాటి

విదేశం మోజులో చాలామంది వదిలేసే మెట్టు ఇది. డిగ్రీ అయ్యాక ఏడాది ఖాళీ ఉంటే ఎస్‌బీఐ యూత్ ఫర్ ఇండియా ఫెలోషిప్ చూడండి, 13 నెలలు ఏదో ఒక రాష్ట్రంలో పల్లెలో ఉండి పనిచేయాలి, నెలనెలా భృతి ఇస్తారు. పేద పిల్లల బడుల్లో పాఠాలు చెప్పే టీచ్ ఫర్ ఇండియా రెండేళ్లు, హైదరాబాద్, బెంగళూరుల్లో కూడా ఉంది. వీటిని ఉచిత సేవ అనలేం, భృతితో చేసే సేవ అనాలి. ఇల్లు గడవాల్సినవాళ్లకు ఇదే సరైనది. కొన్ని వారాలే ఉంటే పుదుచ్చేరి పక్కన పలు దేశాలవాళ్లు కలిసి ఉండే ఆరోవిల్ ఉంది, ఉండటానికి, తినడానికి ఎవరి ఖర్చు ఎంతో ముందే కనుక్కుని పోండి.

విదేశాలకు

ఇక్కడ ఒక హద్దు గీసుకోండి: మన ఊళ్లో మిమ్మల్ని చేయనివ్వని పని పరాయి దేశంలో చేయొద్దు. అనంతపురం ఆసుపత్రిలో ఇంజెక్షన్ వేయనివ్వని డిగ్రీ కుర్రాణ్ణి టాంజానియాలో వేయనిస్తున్నారంటే అక్కడి రోగి ప్రాణం చవకనుకుంటున్నారని అర్థం. విదేశీ అనాథాశ్రమాల్లో రెండు వారాల సేవ ప్యాకేజీలకు అసలు పోవద్దు. నేపాల్, కంబోడియాల్లో తల్లిదండ్రులున్న పిల్లలను కూడా వాలంటీర్ల డబ్బు కోసం ఆశ్రమాల్లో ఉంచిన సంగతి బయటపడింది. ఆస్ట్రేలియా 2018లో తెచ్చిన ఆధునిక బానిసత్వ చట్టం సందర్భంగా దీన్ని మానవ అక్రమ రవాణాలో భాగంగా గుర్తించింది.

నిజంగా నమ్మదగిన దారులు కొన్నే. ఐక్యరాజ్యసమితి వాలంటీర్లు జర్మనీలోని బాన్ కేంద్రంగా పనిచేస్తారు. 18-26 ఏళ్లవారికి యువ విభాగం, 27 దాటినవారికి అనుభవాన్ని బట్టి నిపుణుల విభాగం. జీవన భత్యం, బీమా ఇస్తారు. దరఖాస్తుకు రూపాయి కూడా తీసుకోరు. అమెరికా ప్రభుత్వం వాలంటీర్లను విదేశాలకు పంపే పీస్ కోర్ గురించి అడిగేవాళ్లు ఎక్కువ, అది అమెరికా పౌరులకే.

జర్మనీలో ప్రభుత్వ స్వచ్ఛంద సేవ పథకం 2011 నుంచి ఉంది, విదేశీయులకూ అవకాశం ఇస్తుంది. మామూలుగా ఏడాది పాటు వృద్ధాశ్రమం, వికలాంగుల కేంద్రం, కిండర్‌గార్టెన్ లాంటి చోట్ల పని. చేతిఖర్చులకు కొంత డబ్బు, బీమా, చాలాచోట్ల వసతి ఇస్తారు. అసలు అడ్డంకి భాష, సంస్థలు సాధారణంగా ఏ2 (ప్రాథమిక) లేదా బీ1 (మధ్యస్థ) స్థాయి జర్మన్ అడుగుతాయి. ఆర్‌డీటీ పల్లె పేద డిగ్రీ విద్యార్థుల కోసం స్పానిష్, ఫ్రెంచ్, జర్మన్ నేర్పే విదేశీ భాషల పాఠశాల నడిపింది మన ఊళ్లోనే, కాబట్టి ఇక్కడినుంచి ఆ భాష సాధ్యం కాదనే మాట చెల్లదు. దరఖాస్తు నేరుగా జర్మన్ సంస్థకే పంపండి. "వాలంటీర్ వీసా గ్యారంటీ" అని లక్షలు అడిగే కన్సల్టెన్సీ అక్కర్లేదు.

రెండు మూడు వారాలే కావాలంటే వర్క్ క్యాంపులు (వాలంటీర్లు కలిసి ఉండి పనిచేసే శిబిరాలు) ఉంటాయి. 1920లో యూరప్‌లో మొదలైన సర్వీస్ సివిల్ ఇంటర్నేషనల్ 1934 బిహార్ భూకంపం తర్వాత పునర్నిర్మాణం కోసం ఇండియాకూ వచ్చింది, ఇక్కడ శాఖ ఉంది. క్యాంపులో తిండి, పడక వాళ్లవి, విమానం ఖర్చు మీది. బ్రిటన్‌కైతే చారిటీ వర్కర్ వీసా ఉంది, 12 నెలల వరకు, అక్కడి సంస్థ స్పాన్సర్ చేయాలి.

వీసా విషయంలో నిర్లక్ష్యం వద్దు. పొలంలో పనికి బదులు తిండి, గది ఇచ్చే వెబ్‌సైట్లు చూసి టూరిస్ట్ వీసా మీద పోయేవాళ్లున్నారు. జీతం లేకపోయినా చాలా దేశాల్లో దాన్ని ఉద్యోగంగానే లెక్కేస్తారు, విమానాశ్రయం నుంచే వెనక్కి పంపుతారు.

కడప, రాజంపేట, రాయచోటి వైపు నుంచి గల్ఫ్‌కు పోయేవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. 2022 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌కు ఖతార్ 20,000 మంది వాలంటీర్లను తీసుకుంది, వాళ్లలో ఎక్కువమంది అప్పటికే అక్కడ ఉంటున్నవాళ్లు. "ముందు వాలంటీర్‌గా పో అన్నా, తర్వాత జాబ్ చూస్తాం" అని ఏజెంటు చెబితే అతని పేరు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉందో లేదో చూడండి. పదో తరగతి పాసుకానివాళ్ల పాస్‌పోర్టు ఈసీఆర్ (వలస తనిఖీ అవసరమైనది) కిందికి వస్తుంది. గల్ఫ్ సహా 18 దేశాలకు ఉద్యోగం మీద పోవాలంటే వాళ్లకు ప్రభుత్వ అనుమతి కావాలి, "వాలంటీర్" అనే మాట దాన్ని తప్పించుకోవడానికే వాడుతుంటారు. ఇప్పటికే గల్ఫ్‌లో ఉన్నవాళ్లు సాటి తెలుగువాళ్లకు సాయం చేయాలనుకుంటే ఎంబసీ గుర్తించిన సంఘాలతో కలవండి. యూఏఈలో అనుమతి లేకుండా చందాలు వసూలు చేయడం నేరం, వాట్సాప్ గ్రూపులో అడిగినా చిక్కే.

కాగితాలు

పాస్‌పోర్టు ముందే తీసుకోండి. పెద్ద పోస్టాఫీసుల్లో సేవా కేంద్రాలు వచ్చాక తిరుపతి, విజయవాడ దాకా పోవాల్సిన పని చాలావరకు తప్పింది. పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్‌కూ పాస్‌పోర్టు వెబ్‌సైట్‌లోనే దరఖాస్తు చేయాలి, పిల్లలతో, వృద్ధులతో పనిచేసే సంస్థలు అది లేకుండా తీసుకోవు. డిగ్రీ సర్టిఫికెట్‌కు అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేలా వేసే అధికారిక ముద్ర) అడిగితే ముందు రాష్ట్ర స్థాయిలో ధ్రువీకరణ, తర్వాత విదేశాంగ శాఖ ముద్ర. దీనికే వారాలు పడుతుంది. ఆఫ్రికాలో పచ్చజ్వరం ఉన్న దేశాలకైతే ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు టీకా వేయించుకోవాలి, హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. టీకా వేశాక ఇచ్చే పసుపు కార్డు లేకుండా తిరిగొస్తే మన విమానాశ్రయంలోనే క్వారంటైన్‌లో పెట్టగలరు.

ఇక్కడ చేసిన ప్రతి పనికీ తేదీ, గంటలు, చేసిన పని, బాధ్యుల సంతకంతో ఒక నోటుబుక్ పెట్టుకోండి. ఇంటర్వ్యూలో "పేదలకు సేవ చేయాలని నా ఆశయం" అన్న వాక్యం అందరూ చెబుతారు. రెండేళ్లు ప్రతి శనివారం స్టాకు రిజిస్టర్ రాసిన పుస్తకం కొందరి దగ్గరే ఉంటుంది.

మానేయాల్సి వచ్చినప్పుడు ఫోన్ ఎత్తకుండా మాయమైపోవద్దు. నెల ముందే చెప్పి, మీ పని ఇంకొకరికి రెండు వారాలు పక్కన కూర్చుని నేర్పించి, ఫైళ్లు, పాస్‌వర్డ్‌లు, బీరువా తాళాలు అప్పగించి, ఏమేం ఇచ్చారో రాసి సంతకం తీసుకుని రండి.